బుద్రి బరువు దించుకునే చోటు

ఆ రోజు ఆ కాగితం మీద నేను "లేదు" అని ఎందుకు రాశాను?

రెండేళ్లు కావస్తోంది. ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అన్నది కాగితంలో అచ్చువేసిన ప్రశ్న. బుద్రి "నేదు" అంది. నేను రాశాను. అంతవరకూ తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆమె ఊరు పనసగరువు నాకు తెలుసు. పద్నాలుగు ఇళ్లు. ఏ ఇంటికీ మెట్టన్నది లేదు. గుమ్మం దాటితే అలికిన నేల, నేల దాటితే కొండ. లేని మెట్ల మీద మనిషికి ఆయాసం ఎక్కడినుంచి వస్తుంది?

మా ఆసుపత్రి అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే రోడ్డు పక్కన, కొండ మొదట్లో ఉంది. క్రైస్తవ మిషను వాళ్లది. ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఇక్కడి రెండు బీరువాల పుస్తకాలు చూసుకునే పని ఒప్పుకున్నాను. వరండా చివర ఒక బల్ల, ఒక కుర్చీ నావి. జనం ఎక్కువగా వచ్చిన రోజు, రాయడం రానివాళ్లకి కాగితాలు నింపిపెడతాను. మిగతా వేళల్లో చదువుకుంటాను. అలా నింపిన కాగితాల్లో బుద్రిది ఒకటి.

బుద్రి కొండదొర తెగ మనిషి. వయసు అడిగితే "రైలు గుహ పక్కన కొండ జారిన ఏడు పెళ్లయ్యింది" అనేది. నలభై అయిదుండొచ్చు. ఎకరం కాఫీ, చెట్లకి పాకించిన మిరియం, పై చేలో చోళ్లు, సామలు. సంత రోజున తల మీద ఇంత మూటతో దిగేది. సాయంత్రం బియ్యం, ఉప్పు, నూనె, ఎండుచేపలు కట్టుకుని అదే తలతో ఎక్కేది. వెనకాల ఆమె భర్త గాసి, చేతిలో గొడుగుతో, నోటి నిండా కబుర్లతో నడిచేవాడు.

రొమ్ములో గడ్డ తగిలినప్పుడు బుద్రి ఎవరికీ చెప్పలేదు. కాఫీ పళ్లు కోయడం అయ్యాక చెప్పింది. విశాఖపట్నంలో ఆపరేషను చేసి, తర్వాత కాన్సరుకిచ్చే ఎర్రమందు ఎక్కించారు. జుట్టంతా రాలిపోయింది. తలకి తువ్వాలు చుట్టుకుని మొదటిసారి మా ఆసుపత్రికి వచ్చిన రోజు నర్సు మగ్దలేనమ్మ కళ్లు తుడుచుకుంటుంటే, "ఊరుకో సిస్టరమ్మా, మూట జారకుండా బాగుంది" అని బుద్రే ఓదార్చింది. ఆ తర్వాత మూడు వారాలకో సూది చొప్పున ఏడాది వేయాలన్నారు. పట్నం వాళ్లు మందు పంపితే మా దగ్గరే వేసేవాళ్లం. గడ్డ తిరిగి రాకుండా కాపాడే మందు అది. అయితే కొందరికి ఆ మందే గుండెని నీరసపరుస్తుంది. అందుకని మధ్యమధ్య గుండెని చూసుకుంటూ ఉండాలి.

ఆ చూడటం ఎలాగో కొండల్లో పనిచేసే కుర్ర డాక్టర్లకి నేర్పడానికి విశాఖపట్నం నుంచి డాక్టరు గణపతిరావుగారు వచ్చేవారు. గుండె డాక్టరు. ఇంచుమించు రెండు నెలలకోసారి, రెండు రోజులు, మా ప్రార్థన హాల్లోనే పాఠం. చుట్టుపక్కల ఆరోగ్య కేంద్రాల నుంచి పదకొండుమంది వచ్చేవారు. మా ఆసుపత్రి డాక్టరమ్మ ఏంజెలిన్ వాళ్లలో చిన్నది. చదువు ముగించి రెండేళ్లయింది. మొదటి రోజు గణపతిరావుగారు అన్న మాట నా బల్ల దాకా వినిపించింది.

"కాన్సరు డాక్టరు గడ్డని చూస్తాడు. గుండె డాక్టరు గుండెని చూస్తాడు. ఇద్దరి మధ్యలోంచి మనిషి కొండెక్కి వెళ్లిపోతాడు. మీరు ఆ మనిషిని పట్టుకోవాలి."

ఆయన తెచ్చిన చిన్న స్కానింగు మిషనుతో ఒక విడతలో ఎనిమిదిమందినే చూడగలిగేవారు. ఆ నవంబరులో పదమూడు మంది రోగులు వచ్చారు. ముందు ఎవరిని చూడాలో తేల్చడానికి ఒక ప్రశ్నల కాగితం ఉంది. బుద్రి నా ఎదురుగా నేల మీద కూర్చుంది, ఎంత చెప్పినా బెంచీ ఎక్కకుండా.

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" చదివాను.

"నేదు మేష్టారూ," అని నవ్వింది. ఎందుకు నవ్వావని అడగలేదు.

"రాత్రిపూట ఊపిరాడక లేస్తున్నావా?"

"కుక్కలరిస్తే లెగుత్తాను."

"కాళ్ల వాపులు?"

"పళ్లు కోసే రోజుల్లో ఎవుళికుండవు? దినమంతా నిలబడే ఉంటాం కాదేటి."

"లేదు, లేదు, పని వల్ల" అని రాసి కాగితం లోపలికి పంపాను. బుద్రి గుండెని ఆగస్టులో పట్నంలో చూశారు, బాగుంది. నవంబరులో మళ్లీ చూడాల్సిన వంతు. కానీ ఏ బాధా లేదని కాగితం చెబుతోంది కదా, ఆమెని జనవరి జాబితాలోకి మార్చారు. కాఫీ పళ్లు కోసుకోవచ్చని సంతోషంగా వెళ్లిపోయింది.

వరసలో ఇంకా చాలామంది ఉన్నారనా? కాగితం కింద సగం చదివిన పుస్తకం తెరిచి ఉందనా? అచ్చులో కనబడ్డ మాటని కాదనకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. ప్రశ్న అచ్చయి ఉంది కాబట్టి అది సరైన ప్రశ్నే అనుకున్నానేమో. ఏదీ పూర్తి జవాబులా అనిపించదు.

డిసెంబరు మధ్యలో సూది వేయించుకోవడానికి మొగుడూ పెళ్లాం దిగివచ్చారు. వలిసె పూలు రాలిపోయిన రోజులు. వరండాలో ఎండ పట్టున కూర్చున్నాను.

"సిస్టరమ్మా, బేగి ఏసి పంపించీ," అన్నాడు గాసి. "పోయినసారి ఇల్లు సేరీతలికి దీపాలెట్టీసినారు."

"ఏటి గాసీ, నీకంత తొందర? పెళ్లాం మోత్తంటే గొడుగు పట్టుకోని నడిసీవోడివి," అంది మగ్దలేనమ్మ.

"నా తొందర కాదు. దీనికి దారిలో సుట్టాలెక్కువైపోనారు. ముందర మాయమ్మ కాడ ఒక్క కాడే ఆగీది. ఇప్పుడు మా తాత కాడా ఆగుతంది, జొరమొచ్చి పోయిన గుంట కాడా ఆగుతంది. పేరు తెలీని సచ్చినోడున్నాడు సూడు పైన, ఆడి కాడ కూడా కూకుంటంది. సచ్చినోళ్లందర్నీ పలకరించుకోని ఎల్లీసరికి సీకటి పడదేటి?"

మగ్దలేనమ్మ పెద్దగా నవ్వింది. బుద్రి కూడా నవ్వింది, కానీ తిరిగి తిట్టలేదు. నా చేతిలో పుస్తకం మూతపడింది.

ఆ చుట్టాలు ఎవరో నాకు తెలుసు. ఉద్యోగంలో ఉండగా జనాభా లెక్కలకి పనసగరువు ఎక్కాను. అప్పుడు గాసి తండ్రి నాకు దారి చూపించాడు. ఆ ఊళ్లో ఎవరైనా పోతే ఏడాది తిరిగేలోగా ఇంటివాళ్లు దారి పక్కన ఒక రాయి నిలబెట్టేవారట. రెండు నిలువు బండలు, వాటి మీద అడ్డంగా పలక. పలక సరిగ్గా మెడ ఎత్తున ఉంటుంది. తల మీది మూటని ఇంకొకరి సాయం లేకుండా దాని మీదికి జరపొచ్చు, మళ్లీ తలకెత్తుకోవచ్చు. అక్కడ ఎవరు బరువు దించుకున్నా పోయినవాళ్ల బరువు కూడా కొంత దిగుతుందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు అలాంటివి నాలుగే మిగిలాయి. మొదటిది గాసి తాతది. రెండోది తల్లిది. మూడోది జ్వరంతో పోయిన చిన్నపిల్లది. నాలుగోది ఎవరిదో ఊరు మరిచిపోయింది. నా పుస్తకాల సంచీతో నేను నాలుగింటి దగ్గరా ఆగితే, ముసలాయన "పంతులు నాలుగు రాళ్ల మనిషి" అని ఊళ్లో అందరికీ చెప్పాడు. ఎవరి సత్తువనైనా వాళ్లు కొలిచేది అలాగే, ఎంత తక్కువ ఆగితే అంత సత్తువ. కొత్త కోడలుగా వచ్చినప్పుడు బుద్రి ఏ రాయి దగ్గరా ఆగలేదట. అత్త పోయాక ఆమె రాయి దగ్గర మాత్రం ఆగేది. అలిసి కాదు, మర్యాదకి.

అలాంటి బుద్రి నాలుగు రాళ్ల మనిషైంది.

లేచి వెళ్లి ఏంజెలిన్‌కి చెప్పాను. సూది అప్పటికే ట్రేలో ఉంది. ఆమె దాన్ని పక్కన పెట్టించి బుద్రి దగ్గర కూర్చుంది.

"బుద్రమ్మా, ఇంటికి వెళ్లేటప్పుడు అన్ని చోట్ల ఆగుతున్నావట, ఎందుకని?"

"ఏటో అమ్మా, ఈమధ్య బియ్యం బరువెక్కినాయి."

"ఎన్నాళ్ల నుంచి?"

"దీపావళి కాన్నుంచి."

"మరి ఆ రోజు అడిగితే ఆయాసం లేదన్నావు?"

"మెట్లెక్కితే అని అడిగినారు. మా ఊర్లో మెట్లు నేవు కదమ్మా," అంది బుద్రి. నా వైపు చూసి, సాక్ష్యం అడిగినట్టు, "మేష్టారికి తెలుసు," అంది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఏంజెలిన్ ఆమె చీర అంచు జరిపి చీలమండ మీద వేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే నిలిచిపోయింది. గణపతిరావుగారికి ఫోను చేస్తే సూది వేయొద్దు, వెంటనే పంపమన్నారు. మర్నాడు మగ్దలేనమ్మ తోడుగా రైల్లో పట్నం వెళ్లారు. మూడో రోజుకి తిరిగొచ్చారు. గుండె నిండినప్పుడు పట్టే నెత్తురులో, వందకి ఎంత బయటికి తోస్తోందో స్కానింగు మిషను చెబుతుంది. ఆగస్టులో అరవై రెండు. ఇప్పుడు నలభై రెండు. యాభై అయిదు పైన ఉంటే నిశ్చింత. ఈ లోపల నా "లేదు" మీద ఆమెకి ఒక సూది వేశాం.

ఇంకా ఎనిమిది సూదులు మిగిలి ఉన్నాయి. ఆపేశారు. గుండెకి మాత్రలిచ్చారు, బరువు మోయొద్దన్నారు, ఉప్పు తగ్గించమన్నారు.

"ఎండుసేపా?" అని అడిగింది బుద్రి.

"అసలొద్దు."

"మరింకేటి తింటాం అంబల్లోకి?" అంది. తర్వాత అసలు మాట అడిగింది. "డాక్టరమ్మా, సూది ఆపితే గడ్డ మళ్లీ వత్తదా, రాదా?"

ఏంజెలిన్ అబద్ధం చెప్పలేదు. "చెప్పలేను బుద్రమ్మా. ఇప్పుడు వేస్తే మాత్రం గుండె తట్టుకోదు. ముందు గుండెని లేపుదాం. లేచాక సూది మళ్లీ మొదలుపెడదాం."

"లెగకపోతే?"

గాసి గొడుగుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఆ రోజు మూట గాసి ఎత్తుకున్నాడు. ఆమె వెనకాల గొడుగుతో నడిచింది.

జనవరి పాఠంలో ఏంజెలిన్ లేచి పదకొండుమంది ముందూ ఈ సంగతి చెప్పింది. "కాగితం చదివాను సార్, మనిషిని అడగలేదు," అంది. నేనూ లోపలికి వెళ్లి రాసింది నేనేనని చెప్పాను. గణపతిరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ ప్రశ్న పెట్టింది నేనండీ మాస్టారూ. మా ఇల్లు మూడంతస్తులు. అక్కడి నుంచి ఆలోచించాను," అన్నారు. తర్వాత కుర్రవాళ్ల వైపు తిరిగి, "రేపు పాఠం హాల్లో కాదు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే వంటశాల నుంచి పదిహేనేసి కిలోల బియ్యం మూటలు తెప్పించారు. మొదటి రాయి ఆసుపత్రి వెనక గేటుకి ఎంతో దూరం లేదు, అక్కడిదాకా దారి చదునే. గుండె చూపించుకోడానికి గాసితో దిగివచ్చి ఉన్న బుద్రిని మెల్లగా నడిపించి, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "ఇవాళ పంతులమ్మవి నువ్వు. వీళ్లు ఎలా ఎక్కుతున్నారో చూసి చెప్పాలి," అన్నారు.

డాక్టర్లు ఒక్కొక్కరే మూట తలకెత్తుకుని బయల్దేరారు. పాచిపెంట నుంచి వచ్చిన రవికుమార్ అనే కుర్రవాడు రెండో రాయికి చేరకుండానే వెనక్కి దిగి, మొదటి రాయి మీద మూట పడేసి రొప్పుతూ నిలబడ్డాడు.

"ఏటి బాబూ, నీక్కూడా ఆ సూదేసీసినారేటి?" అంది బుద్రి.

గణపతిరావుగారితో సహా అందరూ నవ్వారు. ఏంజెలిన్ మూడో రాయి దాకా వెళ్లి చతికిలబడింది. బుద్రి కింద నుంచి కేకేసింది. "డాక్టరమ్మా, ఆడున్నది సిన్న గుంట. ఊరికే కూకోకు, పలకరించు!" కేక వేశాక ఆమె కాసేపు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఆ నవ్వు అక్కడితో ఆగింది.

అందరూ దిగి వచ్చి చుట్టూ కూర్చున్నాక గణపతిరావుగారు అడిగారు, మనిషికి ఊపిరి చాలడం లేదని దారిలో మీకెలా తెలుస్తుందని.

"మూట ఎలా దింపుతాడో సూడాల," అంది బుద్రి. "సత్తువున్నోడు మూట దింపీసి అప్పుడు సెమట తుడుసుకుంటాడు. సత్తువ నేనోడు మూట నెత్తి మీదుండగానే రాయిని పట్టుకుంటాడు." కొంచెం ఆలోచించి మళ్లీ అంది. "మాటలు కూడా సూడాల. మాటాడుకుంటా ఎక్కీ మనిసి మాటలాపీసినాడంటే, ఆడి సంగతి సూసుకోవాల. నాను దీపావళి కాన్నుంచి దారిలో ఈడిని తిట్టడం మానీసినాను. పెళ్లానికి బుద్దొచ్చినాదని మురిసిపోనాడు."

గాసి తల దించుకున్నాడు. "నిజివే. సుకంగుంది అనుకున్నాను," అన్నాడు.

కుర్రవాళ్లు గబగబా రాసుకున్నారు. ఏంజెలిన్ ఏమీ రాసుకోలేదు. బుద్రి చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం పాత కాగితం తీసేసి కొత్తది రాయమని నాకు ఇచ్చారు. సంత నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు బరువు ఎక్కడెక్కడ దించుతున్నావు, నిరుడు ఎక్కడ దించేదానివి, దారిలో ఎవరితో మాట్లాడతావు, అని రాశాను. ఒక్కో మాటా బుద్రికి చదివి వినిపించి, ఆమె తలూపాకే తర్వాతి మాట రాశాను. కురుపాం వైపు గూడేల్లో రాళ్లుండవు కాబట్టి అక్కడి డాక్టరు వాళ్ల దారి వాళ్లనే అడిగి రాసుకుంటానన్నాడు.

ఆ చలికాలమంతా బుద్రి కాఫీ తోటలో చెట్టు కింద కూర్చుని, మిగతావాళ్లు పళ్లు కోస్తుంటే చూసిందట. గాసి చెప్పాడు. ఎండుచేపల వాసనొస్తే తిట్టేదట. "ఇంట్లో తిడతంది, దారిలో తిట్టదు," అన్నాడు, దిగులుగా. మార్చిలో గుండె నలభై తొమ్మిది అంది. సూది ఇంకా వద్దన్నారు. బుద్రి ఆపరేషను మచ్చ చుట్టూ తడిమి చూసుకుంటోందని మగ్దలేనమ్మ నాతో అంది.

ఏప్రిల్ చివర్లో, పనసకాయలు దిగుతున్న రోజుల్లో, ఇద్దరూ కొండ దిగి వస్తున్నారు. మనుషులు కనబడకముందే బుద్రి గొంతు వినిపించింది. గొడుగు మరిచిపోయి వచ్చినందుకు గాసిని, గాసిని కన్నవాళ్లని, రెండో రాయిలో ఉన్న అత్తనీ కలిపి తిడుతోంది. ఏంజెలిన్ చేతిలో ఉన్న పని వదిలేసి వరండాలోకి వచ్చి నిలబడింది. "మాస్టారూ, వింటున్నారా?" అంది. ఆ విడత పాఠానికి గణపతిరావుగారు తెచ్చిన మిషను మధ్యాహ్నం యాభై ఆరు అని చెప్పింది. ఆగిపోయిన సూది ఆ సాయంత్రమే మళ్లీ మొదలైంది.

వానలన్నీ గడిచాక, అక్టోబరులో, ఎనిమిదోదీ అయిపోయింది. గుండె యాభై ఏడు. గడ్డ జాడ లేదు. ఇక బరువు మోయొచ్చన్నారు. అదే రోజు డాక్టర్ల పాఠాలకీ ఆఖరి రోజు. ప్రార్థన హాల్లో పదకొండుమందికీ సర్టిఫికెట్లు ఇస్తున్నారు. చివర్లో బుద్రిని పిలిచి శాలువా కప్పాలని గణపతిరావుగారు పట్నం నుంచి తెచ్చి ఉంచారు. అది సంత రోజు కూడా. బుద్రి తన బియ్యం మూట నా బల్ల పక్కన పెట్టుకుని, ఎప్పటిలాగే నేల మీద కూర్చుంది. గాసి సంతలో ఇంకా ఏదో బేరమాడుతున్నాడట.

ఆ రోజు ఆమెతో ఒక మాట చెప్పాలని నేను ముందే అనుకున్నాను. డాక్టర్ల ముందు ఒప్పుకున్నాను గానీ ఆమెకి చెప్పలేదు. "నీ ఊళ్లో మెట్లు లేవని నాకు తెలుసు బుద్రీ, తెలిసీ రాశాను," అనాలి. అంతే మాట. పది నెలలుగా వాక్యం అటూ ఇటూ మారుస్తూ ఉన్నాను. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి.

"టీ తాగుతావా?" అన్నాను.

"తాగుతాను," అంది.

వంటశాలకి వెళ్లి రెండు గ్లాసులు పట్టుకుని వచ్చేసరికి మూటా లేదు, మనిషీ లేదు. హాల్లో ఆమె పేరు పిలుస్తున్నారు. మగ్దలేనమ్మ శాలువా చేత పట్టుకుని బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, "ఏదీ మేష్టారూ?" అంది.

నేను కొండ వైపు చూశాను. వెనక గేటు దాటి బుద్రి అప్పటికే దారి ఎక్కుతోంది. తల మీద మూట, చేతులు రెండూ ఖాళీగా ఊగుతున్నాయి. గాసి చాలా వెనక నుంచి "ఆగే, ఆగే" అని కేకలేస్తూ పరిగెడుతున్నాడు. ఆమె తిరిగి ఏదో అంటోంది. మాటలు తెలియడం లేదు గానీ మెచ్చుకోలు మాత్రం కాదు.

మొదటి రాయి దగ్గర ఆగలేదు. రెండో రాయి దగ్గర ఆగింది. మూటని పలక మీదికి జరిపింది. తర్వాత చెమట తుడుచుకుంది. గాసి అందుకునే లోపలే మూట మళ్లీ తలకెత్తుకుని మలుపు తిరిగిపోయింది.